నాలుగు వానాకాలాలు మరమ్మతు చేసినా ఆరని బ్యారక్ గోడ: ఒక కేస్ స్టడీ

గుంటూరు పరిసరాల్లోని ఒక సాయుధ దళం బ్యారక్ కేసు ఇది. దళం పేరు, క్యాంపు పేరు, ఏ ఏడాది అన్నది వదిలేశాం. నెమ్ము ఎక్కిన గోడను రంగుతో బాగుచేయబోయి ఏళ్లు పోగొట్టుకుంటున్న క్యాంపులు చాలా ఉన్నాయి. హాస్టళ్లు, పోలీసు లైన్లు, శిక్షణ కేంద్రాల పరిస్థితీ అంతే. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాం.

నేపథ్యం

రెండంతస్తుల భవనం, కట్టి పాతికేళ్లు దాటింది. సిమెంటు స్తంభాల మధ్య తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. ఒక్కో అంతస్తులో 100 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తున్న హాలు ఒకటి. అందులో రెండు వరసల్లో 48 కాట్లు (మంచాలు), ఒక్కో కాటు కింద ట్రంకు పెట్టె, తల దగ్గర దోమతెర కర్రలు. తూర్పు చివర ప్రతి అంతస్తుకీ ఆరు మరుగుదొడ్లు, ఆరు స్నానాల గదులు, బట్టలుతికే తొట్టి ఉన్నాయి. హాస్టల్ డార్మిటరీలకు జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్పేది ప్రతి 8 మందికి ఒక మరుగుదొడ్డి, ఒక స్నానాల గది. ఆ లెక్కకు ఇక్కడ లోటు లేదు. కాబట్టి మరుగుదొడ్లు చాలక అతివాడకం వల్ల పాడయ్యాయన్న మాట ఈ కేసుకు వర్తించదు.

కింద నేల నల్లరేగడి. వానకు పొంగుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఈ కేసులో ప్రతి నిర్ణయం వెనకా ఆ గుణం ఉంది.

బ్యారక్‌కు ఇంకో గుణం ఉంటుంది, ఇళ్లకు లేనిది. నీటి వాడకమంతా గడియారం ప్రకారం సాగుతుంది. తెల్లవారుజామున ఫాలిన్‌కు (అందరూ వరసలో నిలబడడానికి) ముందు గంటసేపు అన్ని కుళాయిలూ ఒకేసారి తిరుగుతాయి. పరేడ్ అయ్యాక ఇంకోసారి. మిగతా సమయమంతా దాదాపు నిశ్శబ్దం. పైగా కంపెనీలు మారుతుంటాయి. నిరుడు వానాకాలంలో గోడ ఎలా ఉందో తెలిసినవాళ్లు ఈ ఏడాది అక్కడ ఉండరు.

వచ్చిన ఫిర్యాదు

కింది అంతస్తు ఉత్తరపు గోడకు పెచ్చులూడుతున్నాయి. కప్పు మూలల్లో నల్ల బూజు. పెట్టెలు తుప్పు పడుతున్నాయి, యూనిఫాం ముక్కిన వాసన వస్తోంది, వానాకాలంలో జవాన్లకు తొడల దగ్గర, నడుం దగ్గర తామర వస్తోంది. పై అంతస్తులో ఇవన్నీ ఉన్నా తక్కువ.

ఉత్తరపు గోడ వారగా తూర్పు నుంచి ఏడో కాటు కింద పెట్టె జరిపి చూస్తే గోడ మీద ఆ పెట్టె అంచు ఆకారంలోనే తుప్పు గీత ఉంది. దానికి జానెడు పైన ఉప్పు పూసి, వేలితో రాస్తే తెల్లటి పొడి రాలింది. పొడి కింద పుట్టీ పొర కాలిన అట్టు అంచులా లేచి ఉంది. గోరు పెట్టగానే అరచేయంత పెచ్చు ఊడి వచ్చింది. దాని ముందువైపు రంగు పొడిగా ఉంది, వెనకవైపు చెయ్యి తడిసేంత చెమ్మ ఉంది.

అంతకుముందు ఏం చేశారు, ఎందుకు నిలవలేదు

మొదటి ఏడాది గోడ గీకి, పుట్టీ పెట్టి, ఎమల్షన్ వేశారు. ఆ వానాకాలంలోనే పోయింది. గోడలోని తడి బయటికి వచ్చేటప్పుడు ఉప్పును మోసుకొస్తుంది. గాలి ఆడే పూత ఉంటే ఉప్పు పైకి వచ్చి పొడిగా రాలిపోతుంది. ఎమల్షన్ లాంటి పొర అడ్డుంటే ఉప్పు పొర వెనకే గట్టిపడి, స్ఫటికాలు పెరిగి, పూతను బయటికి నెడుతుంది. ఎంత మంచి రంగు వేస్తే అంత పెద్ద పెచ్చు ఊడుతుంది.

రెండో ఏడాది డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేశారు. పని నాణ్యంగానే జరిగింది. కానీ పై అంతస్తు కప్పుకు ఒక్క మచ్చా లేదు. డాబా కారితే ముందు తడవాల్సింది ఆ కప్పే. పై కప్పు పొడిగా ఉండి కింది అంతస్తు తడుస్తోందంటే నీళ్లు డాబా నుంచి రావడం లేదని అప్పుడే తేలాలి.

మూడో ఏడాది ఉత్తరపు గోడకు తూర్పు చివర కొంత మేర లోపల నాలుగడుగుల ఎత్తు టైల్స్ అతికించారు. తడి కనపడకుండా పోయింది, ఆరు నెలలపాటు. తర్వాత టైల్స్ పై అంచుకు పైన, అయిదున్నర అడుగుల దగ్గర కొత్త తడి గీత తేలింది. కింద ఆవిరైపోయే దారి మూసేశాక నీరు గోడలోపలే పైకి పాకి, టైల్స్ ఎక్కడ అయిపోయాయో అక్కడ బయటపడింది. ఈ కేసులో ఎక్కువ నష్టం చేసిన మరమ్మతు ఇదే, ఎందుకంటే రోగం చాటుకు పోయింది, గోడ ఇంకా ఎత్తున తడిసింది.

నాలుగో ఏడాది ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించారు. దోమలకు భయపడి కిటికీలన్నీ మూసి ఉండేవి. లోపలికి గాలి వచ్చే దారి లేకుండా బయటికి లాగే ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ చేయదు. నిద్ర పాడవుతోందని రాత్రి పదికల్లా కట్టేసేవాళ్లు.

పరీక్షలు: నీళ్లు ఎక్కణ్ణుంచి

ఈసారి గోడ ముట్టుకునే ముందు నీటిని కొలవాలని నిర్ణయించుకున్నాం. పరీక్షలకు మే నెలను ఎంచుకోవడానికి కారణం ఉంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కూడా తడిగా ఉన్న గోడకు వానతో పనిలేదు. దానికి రోజూ నీళ్లు పోసేది ఇంకేదో ఉంది.

మొదట తడి అంచును పెన్సిలుతో గీసి పక్కన తేదీ వేశాం, గోడ పొడవునా అయిదడుగులకొక చోట. పునాది పైన తేమను ఆపే పొర చెడి నేలలోంచి నెమ్ము ఎక్కితే ఆ గీత గోడంతా దాదాపు ఒకే ఎత్తులో, మూడు నాలుగు అడుగుల్లోపు ఉంటుంది. ఇక్కడ అలా లేదు. తూర్పు చివర అయిదున్నర అడుగులు, ముప్పై అడుగులు పోయేసరికి మూడున్నర, అరవై దగ్గర రెండు, ఆ తర్వాత పొడి. మెట్ల పిట్టగోడ లాగా పడమరకు వాలిన గీత. వాలు ఎక్కడ మొదలైందో నీరూ అక్కడే ఉంది, అంటే మరుగుదొడ్ల వైపు. ఈ ఒక్క గీత వల్ల గోడకు బెజ్జాలు వేసి రసాయనం ఎక్కించే ఖరీదైన పని పక్కన పెట్టగలిగాం.

తర్వాత పాలిథిన్ పరీక్ష. అడుగున్నర చదరం పారదర్శక షీటును నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా గోడకు అంటించి ఒక రోజు వదిలేయాలి. చెమట చుక్కలు షీటుకు గోడవైపు పడితే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు పడితే గదిలోని ఆవిరే చల్లటి గోడ మీద నీరవుతోంది. తూర్పు చివర చుక్కలు గోడవైపు పట్టాయి. పడమటి మూల కప్పు దగ్గర అతికించిన షీటు మేలో పొడిగానే ఉంది. వానలు మొదలయ్యాక అదే చోట మళ్లీ అతికిస్తే తెల్లవారేసరికి గదివైపు చుక్కలు పట్టాయి. ఒకే హాల్లో రెండు రోగాలున్నాయన్నమాట. తూర్పున నీటి కారుడు, పడమర ఆవిరి. నాలుగేళ్లూ రెంటినీ ఒకటే అనుకుని వైద్యం చేశారు.

ట్యాంకు పరీక్షకు బ్యారక్ ఖాళీగా ఉండాలి. కంపెనీ బందోబస్తుకు వెళ్లిన రెండు రోజులు దొరికాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు గుండ్రటిది, 1.8 మీటర్ల వ్యాసం. అందులో ఒక సెంటీమీటరు నీటిమట్టం అంటే సుమారు 25 లీటర్లు. ట్యాంకుకు నీరెక్కించే పైపు మూసి, అన్ని కుళాయిలూ కట్టేసి, రాత్రి 8 నుంచి ఉదయం 6 వరకు చూస్తే మట్టం 9 సెంటీమీటర్లు దిగింది. ఎవరూ లేని భవనం పది గంటల్లో సుమారు 225 లీటర్లు తాగింది. మర్నాడు రాత్రి మరుగుదొడ్ల సిస్టర్న్‌లకు (ఫ్లష్ తొట్లకు) వెళ్లే వాల్వు కూడా మూసి చూశాం. 3 సెంటీమీటర్లు దిగింది. 6 సెంటీమీటర్ల నీరు, తొట్టి నిండగానే నీటిని ఆపే ఫ్లోట్ వాల్వుల రబ్బరు అరిగి, సిస్టర్న్‌లలోంచి కనపడకుండా డ్రైనేజీలోకి పోతోంది. మిగతా 3 సెంటీమీటర్లు, అంటే రోజుకు 180 లీటర్లు, గోడలోనో నేలలోనో దాగిన పైపులోంచి పోతోంది.

పై అంతస్తు స్నానాల గదుల్లో నాహనీ ట్రాప్ (నేల మీది నీరు పోయే జాలీ గొట్టం) నోరు గుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్లు నింపి, రంగు కలిపి 48 గంటలు ఉంచాం. రెండో గదిలో, మూడో గదిలో అరంగుళం దిగింది. అప్పుడే బయటి గోడ మీద చూడాల్సినది చూశాం. స్నానాల గదుల కింద శ్లాబు ఒక అడుగు దిగువకు ఉండి, ఇటుక ముక్కలతో నింపి ఉంటుంది. అందులోకి దిగిన నీరు బయటికి పోవడానికి గోడలోంచి సన్నటి పైపు ఒకటి పెడతారు. ఆ పైపు నోరు ఎక్కడా కనపడలేదు. ప్లంబర్ అడిగాడు, “హవల్దారు గారూ, ఇక్కడ పైపు నోరు ఉండాలే, ఎవరు మూశారండీ?” హవల్దారు గుర్తు చేసుకుని చెప్పాడు, “రంగులేసేటప్పుడు మేస్త్రి సిమెంటు పూసేశాడయ్యా. అక్కణ్ణుంచి నీళ్లు కారి కొత్త రంగు మీద చారలు పడుతున్నాయని.” శ్లాబు గుంటలో నిండిన నీటికి మిగిలిన దారి కింది అంతస్తు గోడే.

చివరిది డ్రైనేజీ. ఉత్తరం వైపు నేలంతా నెర్రెలు విచ్చి, బొటనవేలు దూరేంత సందులతో ఉంది. ఈశాన్య మూల దగ్గర మాత్రం ఒక మంచమంత మేర గడ్డి పచ్చగా ఉంది. మే నెలలో ఎవరూ నీళ్లు పోయని చోట పచ్చగడ్డి కనపడితే కింద ఏముందో తవ్వక ముందే చెప్పొచ్చు. రెండు ఛాంబర్ల మధ్య పైపు కింది నోరు మూసి, పై ఛాంబర్ నింపితే అరగంటలో నాలుగంగుళాలు దిగింది. తవ్వితే ఆరంగుళాల స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపు జాయింట్ విడిపోయి ఉంది. ఆ సందులోంచి వేప వేళ్లు దూరి, పైపులోపల నానబెట్టిన కొబ్బరి పీచులా అల్లుకుపోయాయి. చుట్టూ మట్టి బంకలా ఉంది. ఆ మూల రేగడి పొంగి గోడను కొద్దిగా ఎత్తడం వల్లే కిటికీ మూల నుంచి ఏటవాలు బీట పడింది. గోడ చుట్టూ ఉన్న సిమెంటు చప్టా గోడ నుంచి అంగుళం విడిపోయింది. డాబా మీది వాననీటి పైపులు సరిగ్గా ఆ సందులోకి దిగుతున్నాయి.

ముంపు గురించి ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత విజయవాడ వైపు గోడ తడి ఏది కనపడినా వరద వల్లే అనేయడం అలవాటైంది. ఇటుక గోడ ఆరడానికి స్థూలంగా ఒక అంగుళం మందానికి ఒక నెల పడుతుందని లెక్క. అంటే తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు. గాలి ఆడుతూ ఉండి కూడా రెండు ఎండాకాలాల తర్వాత ఆరలేదంటే వరదను వదిలేసి పైపులు చూడాలి.

మొదటి ప్రయత్నంలో మేం తప్పిన చోట

పరీక్షలయ్యేసరికి మృగశిర కార్తె వచ్చింది. వానల్లో మరుగుదొడ్లు పగలగొడితే జవాన్లకు ఇబ్బంది, కొత్త పూత ఆరదు. అందుకని తక్కువ పగలగొట్టుడుతో అయ్యే పనులు ముందు చేశాం. ఫ్లోట్ వాల్వులన్నీ మార్చాం. మూసిన పైపు నోళ్లు తెరిచాం. ఒకదాంట్లోంచి రెండు రోజులపాటు నీరు కారింది. వాననీటి పైపులకు వంపులు పెట్టి కాలువలోకి మళ్లించాం. పై అంతస్తు స్నానాల గదుల టైల్స్ సందులు గీకి ఎపాక్సీ గ్రౌటు నింపాం.

గ్రౌటు పనిచేయలేదు. ఆగస్టుకల్లా కింది గోడ పెన్సిలు గీత మళ్లీ పైకి జరిగింది. నీళ్లు నింపిన పరీక్ష చెప్పింది నేల పైభాగం కారుతోందని మాత్రమే. ట్యాంకు పరీక్ష చెప్పింది వేరు: ఎవరూ కుళాయి తిప్పకపోయినా పైపులోంచి నీరు పోతోందని. సందులు ఎంత బాగా నింపినా నేల కింద ఒత్తిడితో ఉన్న పైపు కారుడు ఆగదు. ఆ 3 సెంటీమీటర్లు మన నోటు పుస్తకంలోనే ఉన్నాయి. రెండు పరీక్షలు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులని గుర్తించకుండా ఒక్క మరమ్మతుతో రెండూ తీరతాయనుకోవడం పొరపాటు.

రెండో వైఫల్యం ఉత్తర్వుది. హాల్లో తడి బట్టలు ఆరేయకూడదని రాసి అంటించారు. వారం తిరగకుండా మళ్లీ కాట్ల మధ్య తాళ్లు వెలిశాయి. ఇది క్రమశిక్షణ లోపం కాదు. మర్నాడు ఉదయం ఇన్‌స్పెక్షన్‌కు పొడి యూనిఫాం కావాలి, బయట వాన, ఆరేయడానికి ఇంకో చోటు లేదు. చోటు చూపకుండా వద్దనే ఉత్తర్వు ఏ బ్యారక్‌లోనూ నిలవదు.

పనిచేసినవి

పెద్ద పనులు డిసెంబరు, జనవరి నెలలకు పెట్టుకున్నాం. మేలో తవ్వితే ఎండి కుంచించుకున్న రేగడి మీద పైపు పరుస్తాం. వాన పడగానే అది పొంగి పైపును ఎత్తుతుంది. నడి వానలో తవ్వితే దానికి విరుద్ధం. ఈశాన్య రుతుపవనాలు తగ్గాక, నేల మరీ తడీ మరీ పొడీ కాని రెండు నెలల్లో పని చేయడం క్షేమం.

పై అంతస్తు మరుగుదొడ్లను సగం సగం చేసి పగలగొట్టాం. ఆరింటిలో మూడు మూసేస్తే 48 మందికి మూడే మిగులుతాయి, ఒక్కోదానికి 16 మంది. అందుకని రెండు ప్లాటూన్లకు లేచే సమయంలో ఇరవై నిమిషాల తేడా పెట్టి, ఒక ప్లాటూన్‌ను కింది అంతస్తు మరుగుదొడ్లకు పంపాం. ఇలాంటి ఏర్పాటు పనికి ముందే కమాండెంట్ స్థాయిలో ఒప్పించుకోకపోతే, మూడో రోజున “త్వరగా ముగించండి” అన్న ఒత్తిడి వచ్చి పూత ఆరక ముందే టైల్స్ పడతాయి.

శ్లాబు గుంటలోని ఇటుక ముక్కలు తీస్తే నీళ్లు కారుతూ వచ్చాయి. అడుగున పాత జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు ఒక వంపు దగ్గర తుప్పు పట్టి, సూదిమొనంత రంధ్రం పడి ఉంది. ఆ 180 లీటర్లు అక్కణ్ణుంచే. కొత్త నీటి పైపులు నేలలో వేయలేదు. సీపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపులు గోడ మీద క్లాంపులతో బయటికి కనపడేలా బిగించాం. చూడ్డానికి అంత అందంగా ఉండవు, కానీ కారిన రోజే తెలుస్తుంది. శ్లాబు మూలలకు సిమెంటుతో గుండ్రటి వంపు కట్టి, పాలిమర్ కలిపిన సిమెంటు పూత రెండు కోట్లు వేసి, గోడ మీదికి అడుగు ఎత్తు తీసుకెళ్లాం. నింపుడుకు ముందు 48 గంటల నీటి పరీక్ష, టైల్స్ అయ్యాక మరోటి. మొదటి పరీక్షలోనే ఒక ట్రాప్ మెడ దగ్గర చెమ్మ కనిపించింది. అప్పుడు దాన్ని సరిచేయడానికి అరపూట పట్టింది. టైల్స్ పడ్డాక అయితే వారం పట్టేది. నీరు బయటికి పోయే పైపు నోరు గోడ నుంచి మూడంగుళాలు ముందుకు పెట్టి చుట్టూ ఎర్ర రంగు వలయం గీశాం, ఇంకో మేస్త్రి పూసేయకుండా.

డ్రైనేజీ లైను గోడకు, వేపచెట్టుకు దూరంగా ఎనిమిదడుగులు జరిపాం. ఆరంగుళాల పీవీసీ పైపులు, రబ్బరు రింగు జాయింట్లు, 60 అడుగులకు ఒక అడుగు వాలు. రేగడి కాస్త కదిలినా రింగు జాయింటు సర్దుకుంటుంది, సిమెంటు జాయింటు చిట్లుతుంది. పైపు కింద నాలుగంగుళాల ఇసుక, చుట్టూ ఇసుక, పైన గ్రావెల్. తవ్విన రేగడిని తిరిగి పోయలేదు.

వేపచెట్టును కొట్టేయమని చాలామంది అన్నారు. వద్దన్నాం. పెద్ద చెట్టు ఏళ్ల తరబడి రేగడిలోని నీటిని లాగుతూ నేలను ఒక స్థితిలో ఉంచుతుంది. ఒక్కసారిగా కొట్టేస్తే ఆ నేల నీరు పట్టి పొంగుతుంది, గోడకు కొత్త బీటలు వస్తాయి. నీడ పోవడం ఇంకో నష్టం.

చప్టా పాతది తీసేసి, అయిదడుగుల వెడల్పున అడుగు లోతు రేగడి తవ్వి, గ్రావెల్‌ను ఒక్కో పొర ఆరంగుళాల చొప్పున రెండు పొరలుగా తడిపి దిమ్మిస చేశాం. దానిపైన 250 మైక్రాన్ల పాలిథిన్, ఆపైన నాలుగంగుళాల 1:3:6 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు, బయటికి ఒకటిన్నర అంగుళం వాలు. ఆరడుగులకొక జాయింటు వదిలాం. గోడకూ చప్టాకూ మధ్య అరంగుళం సందు ఉంచి తారు కలిపిన సీలెంటు నింపాం. దాన్ని సిమెంటుతో మూస్తే మొదటి ఎండాకాలంలోనే విడిపోతుంది, పాత చప్టాకు జరిగింది అదే.

గోడ పని చివరికి మిగిల్చాం. టైల్స్, తడి గీతకు ఒక అడుగు పైదాకా పూత కొట్టేసి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఇటుకను అలాగే వదిలేశాం. ఉప్పు పూసినప్పుడల్లా పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయాలి. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. నాలుగు నెలలు ఇటుకలు బయటపడి ఉన్న హాలు తనిఖీకి వచ్చేవాళ్లకు నచ్చదు. ఎందుకు వదిలామో గోడ పక్కనే ఒక కాగితం మీద రాసి అంటించాక ప్రశ్నలు తగ్గాయి. తర్వాత సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 పాళ్లలో పూత వేసి, కొంచెం మైలతుత్తం, జిగురు కలిపిన సున్నం మూడుసార్లు వెల్ల వేశాం. సున్నం యూనిఫాంకు అంటుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే కాట్లు, పెట్టెలు గోడకు తగలకుండా నాలుగంగుళాల ఎడంగా నేలకు చెక్కపట్టీ బిగించాం. గోడకు గాలి ఆడడానికి ఆ ఎడం ఎలాగూ కావాలి.

ఇక ఆవిరి సంగతి. నిద్రలో ఒక మనిషి ఊపిరి, చెమట ద్వారా గంటకు సుమారు 40 గ్రాముల నీరు వదులుతాడనుకుంటే, 48 మంది ఎనిమిది గంటల్లో 15 లీటర్లు వదులుతారు. చేత్తో పిండిన ఒక జత యూనిఫాంలో లీటరుకు పైగానే నీరుంటుంది. 48 జతలు హాల్లో ఆరితే 50 లీటర్లు దాటుతుంది. అంటే మనుషుల కంటే బట్టలే మూడింతలు ఎక్కువ ఆవిరి వదులుతున్నాయి. వానాకాలంలో బయటి గాలి కూడా తడిగానే ఉంటుంది కాబట్టి ఫ్యాన్లు కొంతే సాయపడతాయి. ముందు బట్టలు బయటికి పోవాలి.

దక్షిణం వైపు 40 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున పారదర్శక రేకులతో షెడ్డు వేశాం, పక్కలకు దోమల జాలీ. ఒక మనిషికి అయిదడుగుల తీగ చొప్పున 96 మందికి 480 అడుగులు కావాలి. అడుగుకొకటిగా 12 తీగలు లాగితే సరిపోయింది. తీగలు పీవీసీ తొడుగున్న జీఐవి, చివర బిగించే మరలతో. సాగిపోయిన తీగ మీద బట్టలన్నీ మధ్యకు జారి ఒకదానికొకటి అంటుకుని ఆరవు. గోడకు రెండు ఫ్యాన్లు. షెడ్డు తెరిచిన వారంలో హాల్లోని తాళ్లు ఎవరూ చెప్పకుండానే పోయాయి.

హాల్లో దక్షిణపు కిటికీలకు జాలీలు బిగించాక అవి రాత్రంతా తెరిచి ఉంచగలిగారు. ఉత్తరం వైపు పైన మూడు ఎగ్జాస్ట్‌లు మాత్రం ఉంచి టైమర్ పెట్టాం. ఒక్కోటి గంటకు 1,800 ఘనపు మీటర్లు లాగుతుంది. హాలు ఘనపరిమాణం 750 ఘనపు మీటర్లలోపే. గంటకు ఏడుసార్లు గాలి మారుతుంది. పడుకోబోయే ముందు రెండు గంటలు, తెల్లవారుజామున మూడు గంటలు నడిస్తే చాలు.

బూజును పొడిగా గీకలేదు. గీకితే దాని రేణువులు హాలంతా పరుచుకుంటాయి. ఒక శాతం బ్లీచింగ్ ద్రావణంతో తడిపి, పది నిమిషాలాగి తుడిచాం, ముక్కుకు మాస్క్, చేతులకు తొడుగులతో. తామర విషయం వైద్యుడిది. బ్యారక్ చూసేవాళ్లు చేయగలిగింది పొడి బట్ట, ఎవరి తువ్వాలు వాళ్లదే, వారానికోసారి పరుపులకు ఎండ. మెడికల్ షాపుల్లో అడక్కుండా ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు తామరను కొద్దిరోజులు అణచి తర్వాత మొండిగా మారుస్తాయి. ఈ సంగతి రోల్‌కాల్‌లో చెప్పించడం చాలా అవసరం.

ఆ తర్వాత

మరుసటి ఏడాది అదే నెలలో, బ్యారక్ ఖాళీగా ఉన్న రాత్రి ట్యాంకు మట్టం పది గంటల్లో సెంటీమీటరు కూడా దిగలేదు. తూర్పు చివర తడి గీత అడుగున్నరకు వచ్చింది. వానల తర్వాత పైకి జరగలేదు. కప్పు మూలల్లో ఒకచోట మాత్రం బూజు తిరిగి వచ్చింది, అక్కడ ఒక బీరువాను మళ్లీ గోడకు ఆనించారు. చర్మ సమస్యలతో వైద్యుడి దగ్గరికి వెళ్లేవాళ్లు తగ్గారు. అందులో మందుల పాలెంత, పొడి బట్టల పాలెంత అన్నది విడదీయలేం.

కంపెనీ మారినా తెలిసేలా హాలు తలుపు దగ్గర ఒక పుస్తకం వేలాడదీశాం. శుక్రవారం డ్రై డే రోజున దోమల కోసం నీళ్లు ఖాళీ చేసేవాళ్లే ఈ పనీ చేస్తారు: ప్రతి సిస్టర్న్‌లో నాలుగు చుక్కల సిరా వేసి, ఎవరూ వాడకుండా పావుగంట ఆగి, కింద మరుగుదొడ్డి గిన్నెలో రంగు దిగిందేమో చూడటం. దిగితే రబ్బరు మార్చాలి. ఆరు రబ్బర్లు, రెండు ఫ్లోట్ వాల్వులు స్టోర్‌లో ఎప్పుడూ ఉండాలి. ఎర్ర వలయం ఉన్న పైపు నోళ్లలోంచి నీరు వస్తోందా, చప్టా సీలెంటు విడిపోయిందా, పెన్సిలు గీత ఎక్కడుంది, అంతే. పావుగంట పరీక్ష తప్ప మిగతాదంతా పది నిమిషాల పని.

ఈశాన్య మూల బీట ఇంకా తేలలేదు. దాని మీద మూడంగుళాల గాజు పట్టీ రెండు వైపులా అతికించాం, పక్కనే రెండు మేకులు దిగగొట్టి వాటి మధ్య దూరం కాలిపర్‌తో ప్రతి నెలా ఒకటో తారీఖున కొలుస్తున్నారు. మేలో గాజు చిట్లింది, దూరం ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగింది. అక్టోబరుకు మళ్లీ దగ్గరకొచ్చింది. పొంగిన నేల కొత్త స్థితికి రావడానికి ఇంకో రెండు ఎండాకాలాలు పట్టొచ్చు. అందాకా ఆ బీటలో సిమెంటు పెట్టలేదు, సాగే సీలెంటు నింపి, కొత్త గాజు అతికించి తేదీ రాశాం.